ప్యాక్‌రాఫ్ట్ మీద సైకిల్: ఐదొందల ఏళ్ల పాత ఐడియా!

గాలి కొట్టిన చిన్న పడవ, దాని ముందు భాగంలో కట్టేసిన సైకిల్. ప్యాక్‌రాఫ్ట్ వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకుంటున్నారా? కాదు.

1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది దగ్గర నది దాటించే గుండ్రటి బుట్ట పడవల గురించి రాశాడు. లోపల బెత్తం అల్లిక, బయట తోలు. పదిహేను, ఇరవై మంది ఎక్కేవాళ్లట. అవసరమైతే గుర్రాల్ని, ఎద్దుల్ని కూడా దాటించేవాళ్లట. అదే మన పుట్టి! తర్వాత తోలు పోయి ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి.

గాలి పడవ సంగతికొస్తే, 1840ల్లో బ్రిటిష్ నేవీ లెఫ్టినెంట్ పీటర్ హాల్కెట్ రబ్బరు గుడ్డతో ఒంటికి కప్పుకునే పడవ చేశాడు.

తోలైనా రబ్బరైనా భయం ఒక్కటే: మొన గుచ్చుకోవడం. అందుకే చక్రాలు, పెడళ్లు విప్పండి. పళ్ల చక్రానికి పాత ట్యూబ్ చుట్టండి, ఖర్చే ఉండదు. సైకిల్‌ని టక్కున ఊడే బెల్టులతో పడవకు కట్టండి, మిమ్మల్ని మాత్రం కట్టుకోకండి. లైఫ్ జాకెట్ దగ్గర పిసినారితనం వద్దు.

ఉప్పల్, నాచారం తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పక్కనే మూసీ ఉంది కదా అని దిగకండి. అందులో మురుగు పారుతోంది. 1908 సెప్టెంబర్ 28న అదే నది వేలమందిని మింగింది. ముందు ఈత నేర్చుకోండి. అనుమతి ఉన్న నిలకడ నీళ్లలో, తోడుతో, ఒడ్డు పక్కనే మొదలుపెట్టండి.