కర్ర విల్లు తయారీ

కర్ర విల్లు అనగా ఒకే చెక్కను గాని, చీల్చిన వెదురుబద్దను గాని చెక్కి, రెండు కొనలకు అల్లెత్రాడు బిగించి చేసే విల్లు. కొమ్ము, నరము, చెక్కలను అతికి చేసే సంయుక్త ధనుస్సు, ఫైబర్‌గ్లాసు, కార్బన్‌లతో చేసే నేటి క్రీడా ధనుస్సు దీనికి భిన్నమైనవి. ముడులు లేని తిన్నని కర్ర దొరికితే పని సులువే, కానీ అటువంటి కర్ర అరుదు. ముడులు, వంకరలు, మెలి ఉన్న కర్ర నుండి విరగని విల్లును రాబట్టడమే ఈ విద్యలో అసలు కష్టం.

పదాలు

విల్లు ద్రావిడ పదం. తమిళంలో విల్, కన్నడంలో బిల్లు, గోండీలో విల్ అంటారు. అమరకోశం వింటి నడిమి భాగాన్ని లస్తకమని, కొనను అటని అని పేర్కొన్నది. తెలుగులో కొనను కొప్పు అని, త్రాడును అల్లె లేక నారి అని అంటారు. విల్లును వంచి త్రాడు తగిలించడం ఎక్కుపెట్టడం. త్రాటికి బాణం కూర్చడం సంధించడం. నేటి పత్రికలలో ఈ రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడుతున్నారు గాని, నిజానికి ఇవి వేర్వేరు పనులు.

చరిత్ర

డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్ బురదనేలలో 1944లో లభించిన ఎల్మ్ చెక్క విండ్లు సుమారు 9,000 సంవత్సరాల నాటివి. 1545లో మునిగి 1982లో వెలికితీయబడిన మేరీ రోజ్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకలో యూ చెక్కతో చేసిన పొడవాటి విండ్లు వందకు పైగా దొరికినవి.

కౌటిల్యుని అర్థశాస్త్రం తాటి, వెదురు, చెక్క, కొమ్ము అని విండ్లను నాలుగు విధాలుగా చెప్పినది. అల్లెత్రాటికి మూర్వ (చాగ), జిల్లేడు, జనుము మొదలైన నారలతో పాటు వెదురును, నరమును కూడా పేర్కొన్నది. కోయ, గోండు మొదలైన మధ్యభారత గిరిజనుల విండ్లకు సన్నగా చీల్చిన వెదురుబద్దనే అల్లెగా కట్టే పద్ధతి ఉన్నందున ఈ ప్రస్తావన గమనించదగినది. నార త్రాడు వాన తడికి మార్పు చెందుతుంది. వెదురు అల్లె అంతగా మారదు.

కర్ర లభ్యత

తెలుగు ప్రాంతపు అడవులలో వింటికి ముఖ్యమైనది సాధనపు వెదురు. ఇది దాదాపు గుల్ల లేకుండా గట్టిగా పెరుగుతుంది. వెదురులో నారపోగులు బయటి పొరలోనే దట్టంగా ఉంటాయి కనుక ఆ పొరను చెక్కరాదు. లోపలి మెత్తని భాగాన్నే తీయాలి. కణుపుల దగ్గర మరీ లోతుగా చెక్కితే విల్లు అక్కడే విరుగుతుంది. చెట్లలో తడ అనబడే చెట్టు కలప సాగుడు గుణానికి ప్రసిద్ధి.

మహబూబాబాదు జిల్లా (2016కు ముందు వరంగల్ జిల్లా) లోని గూడూరు, కొత్తగూడ, గంగారం మండలాలలో అడవులు, కోయ గ్రామాలు ఉన్నవి. అదే జిల్లాలోని కేసముద్రం వంటి వ్యవసాయ ప్రాంతాలలో పొలం గట్లపై కనిపించేవి తుమ్మ, వేప, చింత, రేగు. ఇవి కొమ్మలు వేసి వంకరగా పెరిగే చెట్లు. తుమ్మలోని సహజమైన వంకర నాగలికి వరం. వింటికి అదే ఇబ్బంది.

వంపులోని సూత్రం

విల్లును లాగినప్పుడు గురివైపు ముఖం సాగుతుంది, విలుకాని వైపు ముఖం నొక్కుకుపోతుంది. సాగే ముఖంపై నారపోగులు ఒక కొన నుండి మరొక కొన వరకు తెగకుండా ఉండాలి. తెగిన చోట పేడు లేచి విల్లు విరుగుతుంది. వెడల్పు సగమైతే బిరుసుదనం సగమవుతుంది; మందం సగమైతే ఎనిమిదవ వంతుకు పడిపోతుంది. అందుచేత మందాన్ని తగ్గించేటప్పుడు ఒక్కొక్క పొరగా మాత్రమే గీకాలి. ఉలితో మొదలుపెట్టిన పనిని ఆకురాయితో, గాజుపెంకుతో ముగించడానికి కారణం ఇదే.

కష్టమైన కర్రతో పని

కొట్టిన కర్ర కొనలకు వెంటనే మైనం, రంగు లేక పేడ పూయాలి. లేనిచో కొనలు ముందుగా ఎండి బీటలు వారతాయి. కర్రను రంపంతో కోయక, మేకులు దిగగొట్టి చీల్చడం మేలు. రంపం తిన్నగా పోతుంది; చీలిక నారపోగు వెంట పోతుంది. వంకర కర్రలో ఈ రెండు దారులు ఒకటి కావు. పనివాడు చీలిక చూపిన దారినే అనుసరించాలి. కంటికి అందంగా కనబడాలని వంకరను చెక్కి తిన్నగా చేయబోతే నారపోగులు తెగిపోతాయి. వంకర విల్లు చూపుకు బాగుండకపోయినా పనిచేస్తుంది; తిన్నగా చెక్కిన వంకర కర్ర విరుగుతుంది.

ముడి దగ్గర నారపోగులు ఏటిలో బండ చుట్టూ నీరు పారినట్లు పక్కలకు తిరిగిపోతాయి. ముడిని బలమున్న భాగంగా లెక్కించరాదు. దానిని రంధ్రంగా భావించి, ఇరుపక్కలా మిగిలిన చెక్క కలిసి మామూలు వెడల్పుకు సరిపోయేలా అక్కడ వెడల్పుగా వదలాలి. సాగే ముఖంపై ముడి ఉబ్బుగా ఉంటే ఆ ఉబ్బును అలాగే ఉంచాలి.

పక్కకు తిరిగిన వంకరను, మెలిని ఆవిరితో సరిచేయవచ్చు. అంగుళం మందానికి సుమారు గంటసేపు ఆవిరి పట్టి, వేడి ఆరకముందే చట్రంలో బిగిస్తారు. మేదరులు వెదురును నిప్పులపై కాచి సరిచేయడం కూడా ఇటువంటిదే. మెలి పూర్తిగా పోనవసరం లేదు. కొన నుండి కొనకు త్రాడు పట్టి చూస్తే అది పిడి మీదుగా పోవాలి, అంతే చాలు. నారపోగు వెంట పడిన సన్నని బీట సాధారణంగా ప్రమాదకరం కాదు, అడ్డంగా పోయే బీట ఉన్న కర్రను విడిచిపెట్టాలి.

చివరి దశ వంపు సరిచూడటం. విల్లును నిలువు కొయ్యపై అడ్డంగా ఉంచి, త్రాటిని కొద్దికొద్దిగా కిందికి లాగుతూ రెండు రెక్కల వంపును గమనిస్తారు. వంగని చోటనే గీకాలి, ఎక్కువగా వంగే చోటును ముట్టరాదు. ఒకచోట కర్రే వంకరగా ఉంటే కన్ను మోసపోతుంది. కనుక లాగకముందున్న ఆకారాన్ని గుర్తుంచుకుని, ఎంత మారిందో మాత్రమే చూడాలి. వంపు సమం కాకముందే పూర్తిగా లాగితే విల్లు విరిగి ముక్కలు ముఖానికి తగిలే ప్రమాదం ఉంది. సాధారణంగా 28 అంగుళాలు లాగే వింటికి 66 అంగుళాల పొడవు అవసరం. ముడులున్న కర్రకు మరికొంత పొడవు ఉంచడం క్షేమం.

అమెరికాలో పనస కుటుంబానికి చెందిన ఒసేజ్ ఆరెంజ్ అనే చెట్టు మెలికలకు, ముడులకు పేరుపొందినది. అయినా ఫ్రెంచి వారు దానికి వింటికర్ర అనే అర్థంలో బోయా దార్క్ అని పేరు పెట్టారు.

ప్రస్తుత స్థితి

కోయలలో భూమి పండుగ సమయంలో పురుషులు విల్లంబులతో సామూహిక వేటకు వెళ్ళే ఆచారం ఉండేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించినది. అటవీ భూముల వెలుపల పెరిగే వెదురును 2017లో చెట్ల నిర్వచనం నుండి తొలగించారు. భారత విలువిద్య పోటీలలో ఇండియన్ రౌండ్ అనే విభాగంలో వెదురు విండ్లను వాడుతారు. ఇందులో గురి దూరాలు 50, 30 మీటర్లు.

ఇవి కూడా చూడండి: విలువిద్య, వెదురు, కోయ, అర్థశాస్త్రం