చీపురుకర్రకు చుట్టిన సంతకాలు

మొన్న మా మేనకోడలు ఫోను నా ముఖం ముందు పెట్టి, "అత్తా, ఇక్కడ పేరు కొట్టు చాలు" అంది. బడి పక్కనున్న మద్యం దుకాణం తీయించమని ఎమ్మెల్యేగారికి అర్జీట. కొట్టాను. పొయ్యి మీద పాలు పొంగేలోపు అయిపోయింది! ఇంత సులువుగా పెట్టిన అర్జీని అందుకున్నవాళ్ళు మాత్రం ఎందుకు లక్ష్యపెడతారు?

అప్పుడు న్యూజిలాండ్ ఆడవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళ గొడవా తాగుడుతోనే మొదలైంది. తాగుడు మాన్పించాలంటే ముందు ఓటుండాలనుకున్నారు. 1891లో 9 వేల పైచిలుకు సంతకాలతో అర్జీ పెట్టారు. బిల్లు ఎగువసభలో పోయింది. 1892లో దాదాపు 20 వేలు. మళ్ళీ గట్టెక్కలేదు. ఆ ఏడే హెన్రీ ఫిష్ అనే సభ్యుడు కూలి మనుషుల్ని పెట్టి, సారాదుకాణాల్లో ఎదురు అర్జీ తిప్పించాడు. అందులో దొంగసంతకాలు బయటపడి నవ్వులపాలయ్యాడు లెండి.

1893లో సుమారు 32 వేలు! గడపగడపకూ తిరిగి తెచ్చిన కాగితాల్ని కేట్ షెప్పర్డ్ కొసకు కొస అంటించి, చీపురుకర్ర ముక్కకు చుట్టింది. పొడవు 270 మీటర్ల పైమాటే. సర్ జాన్ హాల్ దాన్ని సభ మధ్య తివాచీలా దొర్లిస్తే, పోయి ఎదురుగోడకు దబ్బున తగిలిందట.

తీరా చూస్తే, సెప్టెంబరు 8న ఎగువసభలో నెగ్గింది 20-18 ఓట్లతో. అదీ ప్రధాని సెడ్డన్ ఒక సభ్యుణ్ణి తెరవెనుక తిప్పుకోబోతే, ఒళ్ళుమండి ప్రతిపక్షులిద్దరు ఇటు ఓటేయడం వల్ల! మరి గెలిచింది సంతకాలా, సెడ్డన్ అతితెలివా? మూడేళ్ళూ ఆ బిల్లును చావనివ్వకుండా నిలబెట్టింది మాత్రం సంతకాలేనంటాను. 19న గవర్నరు సంతకం చేశాడు. నవంబరు ఎన్నికలలోపే లక్షమందికి పైగా స్త్రీలు ఓటర్లుగా చేరారు.

2019లో బ్రిటన్‌లో యూరప్ కూటమిని వదలొద్దని ఫోన్లలో, కంప్యూటర్లలో 60 లక్షలమంది అర్జీ పెట్టారు. ఏప్రిల్ 1న సభ్యులు చర్చించారు, ప్రభుత్వం కాదంది, 2020 జనవరి 31న దేశం బయటికొచ్చేసింది. చిత్రమేమిటంటే, ఈ 60 లక్షల్లో ఓటున్నవాళ్ళే ఎక్కువ. ఆ 32 వేలమందికి అదే లేదు! కాకపోతే అక్కడ ప్రతి కాగితం వెనుకా, తలుపు తట్టి వాదించిన ఒక ఆడమనిషి ఉంది.

"మరి పక్కింటి పిన్నిగారిచేత పెట్టించావా?" అన్నాను.

"ఆవిడకు చెప్పి ఒప్పించాలంటే గంట పడుతుందత్తా" అంది మేనకోడలు, చెప్పులు వేసుకుంటూ.