విష సమాచార కేంద్రములు: వాని పుట్టుక, పోషణము

ఇరువది యేండ్ల క్రిందట, మేము ఉపాధ్యాయవృత్తిలో క్రొత్తగా ప్రవేశించిన దినములలో, మా ప్రక్కయింట రెండేండ్ల పిల్లవాడు సీసాలోని కిరసనాయిలు త్రాగెను. వాని నాయనమ్మ ఉప్పునీరు పోసి కక్కింపుడనెను. ఎదురింటి పెద్దమనుష్యుడు మజ్జిగ పట్టింపుడనెను. మఱియొకరు చింతపండు పులుసు శ్రేష్ఠమనిరి. పట్టపరీక్షలలో తేఱినవారమని వీథిలో పేరుపొందిన మేము నోరు మెదపలేక నిలుచుంటిమి. తుదకు నాయనమ్మగారి మాటయే నెగ్గెను. పిల్లవాడు బ్రతికెను గాని, ఊపిరితిత్తుల జబ్బుతో రెండు వారములు ఆసుపత్రిలో నుండెను. కిరసనాయిలు త్రాగినవారిని కక్కింపరాదనియు, కక్కునప్పుడది ఊపిరితిత్తులలోనికి పోయి కడుపులో నున్నప్పటికంటె నెక్కువ కీడు చేయుననియు వైద్యుడు చెప్పిన పిదప గాని మాకు తెలియలేదు. ఆ యింట ప్రేమకు లోటు లేదు, పరుగులకు లోటు లేదు. తెలిసినవాని మాట యొక్కటి లోటు. ఆ మాటను అర్ధరాత్రమందైనను ఇంటింటికి అందజేయుటకై యేర్పడిన సంస్థల చరిత్రమును, వానిని నిలుపుకొనుటకు జనులు పడిన పాట్లను ఈ వ్యాసమున సంగ్రహముగా తెలుపదలచితిమి.

విషశాస్త్రము మనకు క్రొత్తది కాదు. ఆయుర్వేదము నెనిమిది అంగములలో అగదతంత్రము ఒకటి. సుశ్రుతసంహితలోని కల్పస్థానము విషములను గూర్చినదే. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున, రాజునకు చేరువనే జాంగులీవిదులు, అనగా విషవైద్యము నెఱిగినవారు, ఉండవలెనని విధించెను. ఇందుండి మూడు సంగతులు తేలుచున్నవి. విషమెఱిగినవాడు సమీపమున నుండవలెను. పిలిచిన క్షణమున పలుకవలెను. కొలువులో నుండువాడు గనుక వాని పోషణము రాజుదే. నాడు రాజొక్కనికే సాధ్యమైన ఈ యేర్పాటు ప్రతి గృహస్థునకును కావలసిన కాలము తరువాత వచ్చినది. వంటయింటి అలమరలోను, స్నానపు గదిలోను, పొలము గట్టునను, రాజుల కాలమున పేరైన లేని విషములు సీసాలలోను డబ్బాలలోను వచ్చి చేరినవి.

ఈ క్రొత్త విషములతో మొదట పెనగులాడిన దేశములలో అమెరికా సంయుక్తరాష్ట్రములు ముఖ్యమైనవి. ఫిలడెల్ఫియా నగరమున షెవాలియర్ జాక్సను అను కంఠవైద్యుడుండెను. ఇండ్లలో మకిలి వదలించుటకు వాడెడి దాహకక్షారమును తెలియక నోట వేసికొని, అన్ననాళము కాలి, మచ్చకట్టి మూసికొనిపోగా, నీటిచుక్కయైన మ్రింగలేని శిశువులు ఆయన యొద్దకు వచ్చుచుండిరి. వారికి చికిత్స చేయుటతో తృప్తినొందక ఆయన శాసనకర్తల వెంట తిరిగెను. అట్టి డబ్బాలపై విషమని స్పష్టముగా ముద్రింపవలెనను కేంద్రశాసనము 1927లో వెలువడుటకు ఆయన కృషియే ముఖ్యకారణము.

అయినను చీటి అంటించినంత మాత్రమున వైద్యునకు జ్ఞానము కలుగదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట శుభ్రపఱచు ద్రవములు, పురుగుమందులు, ఎలుకమందులు, రంగులు వెల్లువవలె అంగళ్లలోనికి వచ్చెను. డబ్బాపై సరకు పేరు పెద్ద యక్షరములతో నుండును; లోని ద్రవ్యమేదియో అనేకపర్యాయములు ఉండదు. తల్లి బిడ్డను ఒక చేతను, డబ్బాను మఱియొక చేతను పట్టుకొని వచ్చినను వైద్యుడు తెల్లబోవుచుండెను. 1952లో అమెరికా శిశువైద్యుల పరిషత్తు విచారణ జరుపగా, తాము చూచుచున్న పిల్లల ప్రమాదములలో సగమునకు పైగా విషములవలన కలిగినవే యని తేలెను. ఆ దినములలో ఇండ్లలో ప్రసిద్ధమైన సర్వవిషహరము మాడ్చిన రొట్టె, టీ కషాయము, మెగ్నీషియా పాలు కలిపిన మిశ్రమము. దానివలన నించుమించు ప్రయోజనమేమియు లేదని తరువాత రుజువైనది. మన చింతపండు పులుసును చూచి సిగ్గుపడువారు ఈ సంగతిని గుర్తుంచుకొందురు గాక. అజ్ఞానము ఒక్క దేశపు సొత్తు కాదు.

చికాగో నగరమున సెయింటు ల్యూక్సు ఆసుపత్రిలో ల్యూయీ గడాల్మను అను ఔషధనిపుణుడుండెను. ఈయన 1930 దశకమునుండియు, ఏ వైద్యుడు ఏ విషమును గూర్చి యడిగినను వెదకి చెప్పుచు, తాను తెలిసికొన్నదానిని చిన్న అట్టచీటీలపై వ్రాసి వరుసగా పెట్టెలలో నమర్చుకొనుచుండెను. ఎవరును ఆయనను నియమింపలేదు. దానికై వేఱుగా జీతము నీయలేదు. 1953లో ఎడ్వర్డు ప్రెస్ అను శిశువైద్యుడు నగరములోని ఆసుపత్రులను, వైద్యకళాశాలలను, ఆరోగ్యశాఖను ఒక్కత్రాటికి తెచ్చి విషనివారణ కార్యక్రమమును నెలకొల్పెను. గడాల్మను చీటీల పెట్టెలే దానికి మూలధనము. అమెరికాలోని విషకేంద్రములకెల్ల నిదియే మొదటిదిగా ఎన్నబడుచున్నది.

మంచిపని అంటుకొనునది. కొద్ది యేండ్లలో నగరమునకొక కేంద్రము వెలసెను. 1957లో కేంద్రప్రభుత్వము విషకేంద్రముల కొఱకు ఒక జాతీయ సమాచార కార్యాలయమును స్థాపించి, సరకులు చేయువారియొద్ద వాని కూర్పును సేకరించి, చీటీలుగా అచ్చువేసి, అన్ని కేంద్రములకును పంపసాగెను. 1958లో ఆ కేంద్రములు తమలోతాము ఒక సంఘముగా నేర్పడెను. 1970 దశకమున కేంద్రముల సంఖ్య ఆఱునూఱులకు మించెను.

సంఖ్యను చూచి సంతసించువారు లోపలికి తొంగిచూడలేదు. ప్రభుత్వము చీటీలనిచ్చెను గాని వానిని చదివి చెప్పువానికి జీతమునీయలేదు. పెక్కు ఆసుపత్రులలో విషకేంద్రమనగా అత్యవసర విభాగపు మూలనున్న టెలిఫోను, దాని ప్రక్కనున్న చీటీల పెట్టె. గంట మ్రోగినప్పుడు గాయములకు కట్లు కట్టుచున్న నర్సు పరుగెత్తి వచ్చి చీటీ వెదకవలెను. దినమునకొకటి రెండు ప్రశ్నలు మాత్రమే వచ్చుచోట ఎవరికిని అనుభవము చిక్కదు. అనుభవము లేనివాడు భయముచేత ప్రతివారిని ఆసుపత్రికి రమ్మనును. లేదా ధైర్యముచేత రావలసినవారిని వలదనును.

ఇచట మా పాఠశాలలో చెప్పెడి చిన్న లెక్క నొకటి చేయుదము. వారమునకు 168 గంటలు. ఒక మనుష్యుడు వారమునకు 40 గంటలు పనిచేయును. కావున ఒక్క కుర్చీని రేయింబవళ్లు నిండుగా నుంచుటకు నలుగురు చాలరు. సెలవులను, జబ్బులను లెక్కించినచో ఐదుగురు కావలయును. వారు మందుల శాస్త్రమందు తర్ఫీదు పొందినవారై యుండవలెను. వారిపైన విషవైద్య నిపుణుడొకడుండవలెను. ఆఱునూఱు ఊళ్లలో ఇట్టి కొలువును నిలుపుట యే ధనికదేశమునకును శక్యము కాదు. ఏబది అఱువది చోట్ల నిలుపుట శక్యము. ప్రాంతీయ కేంద్రమను భావము ఈ లెక్కనుండి పుట్టినది. టెలిఫోను తీగకు నూఱుమైళ్లును వేయిమైళ్లును ఒక్కటే గనుక దూరము బాధింపదు. చిన్న కేంద్రములు క్రమముగా కలిసిపోయి, నేడచట ఏబదికి పైబడిన ప్రాంతీయ కేంద్రములు దేశమంతటికిని బదులు చెప్పుచున్నవి.

ఆ కేంద్రములు బదులు చెప్పుటతో ఊరకుండలేదు. డెన్వరు నగరమున బ్యారీ రుమాక్ అను వైద్యుడు 1974లో వేలకొలది విషముల వివరములను సూక్ష్మచిత్రఫలకములపై కెక్కించి అన్ని కేంద్రములకును అందునట్లు చేసెను. పిట్స్‌బర్గు కేంద్రమువారు 1971లో పిల్లలకొఱకు క్రొత్త విషచిహ్నమును వెదకిరి. పూర్వమునుండి వచ్చుచున్న కపాలము, ఎముకల గుర్తు పిల్లలకు ఓడదొంగల ఆటను స్ఫురింపజేయుచుండెను. ఆ నగరపు బంతియాట జట్టు పేరే ఓడదొంగలు. అందుచేత నాలుక వెళ్లబెట్టి రోతపడుచున్న ఆకుపచ్చని మొగమును బిళ్లలపై నచ్చువేసి పంచిపెట్టిరి. 1970 డిసెంబరులో, పిల్లల చేతికి తెఱుచుకొనని మూతలను మందుసీసాలకు విధించు శాసనము వచ్చెను. 1961లో అయిదేండ్లలోపు పిల్లలు సుమారు 450 మంది విషములవలన మరణించిన ఆ దేశమున, తరువాతి కాలమున ఆ సంఖ్య పదులలోనికి దిగినది. మూత, చిహ్నము, టెలిఫోను అను మూడును కలిసి పనిచేసినవి.

మఱియొక సంగతి ఇంటి పెద్దలు తెలిసికొనదగినది. చిరకాలము అమెరికాలో ప్రతి యింటను ఇపికాక్ అను వాంతిమందును ఉంచుకొనుడని శిశువైద్యులే చెప్పిరి. విచారణలు జరుగగా దానివలన మేలు కలిగినట్లు కనబడలేదు. 2003లో ఆ శిశువైద్యుల పరిషత్తే ఇండ్లలో దానిని వాడవలదని ప్రకటించెను. విషయమిట్లు మాఱుచున్నప్పుడు పంచాంగపు వెనుకపుటపై నచ్చువేసిన చిట్కాల పట్టిక యేమి రక్షించును? నిన్నటి తప్పును నేడు దిద్దుకొను సజీవమైన సంస్థ కావలయును.

ఇక ధనము మాట. ఈ కేంద్రములకు గల చిక్కు విచిత్రమైనది. అమెరికాలో 2000 సంవత్సరము తరువాతి యేండ్లలో ఏటేట వచ్చిన విషసంబంధమైన పిలుపులు ఇరువది లక్షలకు మించినవి. వానిలో ఇంచుమించు మూడువంతులు, అనగా నాలుగింట మూడు పాళ్లు, ఇంటివద్దనే మాటతో చక్కబడినవి. ఇట్లు చక్కబడిన పిలుపువలన ఆసుపత్రికి రోగి రాడు, సొమ్మును రాదు. భీమా సంఘమునకు వ్యయము తగ్గును గాని అది కేంద్రమునకు చందా పంపదు. రక్షింపబడిన బిడ్డ రోగుల పట్టికకెక్కడు గనుక శాసనసభలో వాని పేరు చెప్పువాడు లేడు. లాభము అందఱిది, వ్యయము ఒక్కరిది. కావున ఆ ఒక్కరు ఎన్నడో ఒకనాడు చేయి వెనుకకు తీయుదురు.

అట్లే జరిగినది. లూసియానా రాష్ట్రము 1988లో పొదుపు పేరిట తన విషకేంద్రమునకు ధనమీయుట మానివేయగా కేంద్రము మూతపడెను. అలబామా రాష్ట్రముతో పోల్చి పరిశీలించినవారు, ఇంటివద్ద తీఱదగిన వానికిని లూసియానా ప్రజలు ఆసుపత్రులకు పరుగిడుచున్నారనియు, ఆ వ్యయము కేంద్రమును నడుపు వ్యయమునకు మించిపోయినదనియు కనుగొనిరి. నూనె ఖర్చని వీథిదీపమును ఆర్పి, చీకటిలో గోతబడి కాలు విఱుగగొట్టుకొన్నవాని పొదుపు ఇట్టిదే.

ఇట్టి అనుభవముల తరువాత 2000 ఫిబ్రవరిలో కేంద్రములకు జాతీయనిధినుండి సహాయము చేయు శాసనమును ఆ దేశమువారు చేసికొనిరి. 2002లో దేశమంతటికిని ఒకే టెలిఫోను సంఖ్య నిచ్చిరి; ఎచటనుండి పిలిచినను ఆ ప్రాంతపు కేంద్రమే పలుకును. 2004లో జాతీయ శాస్త్రపరిషత్తులకు చెందిన వైద్యసంస్థ నివేదిక ప్రకటించి, విషకేంద్రములను ప్రజారోగ్యవ్యవస్థలో భాగముగా నెంచి స్థిరనిధి నేర్పఱుపవలెనని చెప్పెను. చికాగో చీటీల పెట్టెకు ఇది యేబది యేండ్ల తరువాతి మాట. ఇంగ్లండువారు 1963లోనే జాతీయ విషసమాచార సేవను నెలకొల్పి, లండను, ఎడింబరో, కార్డిఫ్, బెల్ఫాస్టు నగరములలో కేంద్రములనుంచి, ప్రభుత్వ వైద్యశాఖతోనే దానిని ముడిపెట్టిరి.

మన దేశమునకు ఈ పాఠము మిక్కిలి ఘోరముగా చెప్పబడినది. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భూపాలనగరమున విషవాయువు వెలువడి వేలకొలది జనులు మరణించిరి. ఆసుపత్రులు క్రిక్కిఱిసిపోగా, వైద్యులకు ఆ వాయువేదియో, దానికి చికిత్సయేదియో నిశ్చయముగా తెలిపినవారు లేకపోయిరి. 1995లో ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థయందు జాతీయ విషసమాచార కేంద్రము స్థాపింపబడినది. తరువాత చెన్నపట్టణము, అహమ్మదాబాదు, కొచ్చి నగరములును ఈ పనికి పూనుకొన్నవి.

ఇది సంతోషింపదగిన యారంభమే. కాని మన తెలుగుపల్లెలో ప్రత్తిచేని గట్టున పురుగుమందు చల్లి నోట నురుగుతో పడిపోయిన కూలివాని భార్య ఢిల్లీకి ఏ భాషలో చెప్పును? పచ్చగన్నేరు పప్పు నూఱుకొని త్రాగినదని చెప్పినచో వినువానికి అది గుండెను మందగింపజేయు విషమని తోచవలెను గదా. చేనివారు గుళికలన్న మాటకు పొలములో చల్లు విషమని అర్థము. పట్టణవాసి దానిని వైద్యుడిచ్చిన మాత్రయనుకొనును. కట్లపాము, రక్తపింజర, నాగుపాము అను పేరులలోనే చికిత్సకు పనికివచ్చు జ్ఞానము కొంత యిమిడియున్నది. ప్రాంతీయ కేంద్రము కావలయుననుటకు అమెరికావారికి లెక్క కారణమైనది. మనకు లెక్కతోపాటు భాషయు, పంటయు, చెట్టుచేమయు కారణములు.

చేతిలోని ఫోనులో సమస్తము దొరకుచుండగా వేఱొక కేంద్రమేల యని కొందఱనవచ్చును. మా ప్రక్కయింట ఆ దినమున సలహాలకు కఱవు లేకుండెనని వారికి మనవి చేయుచున్నాము. మూడు సలహాలలో నేది నిజమో చెప్పువాడే లేకుండెను. ఫోను మూడింటిని మున్నూఱు చేయును. బిడ్డ వయసెంత, బరువెంత, ఎంత త్రాగెను, ఎంతసేపయ్యెను అని యెదురు ప్రశ్నవేసి, గంట తరువాత మరల పిలిచి ఎట్లున్నాడని యడుగువాడు జీతముపైన నున్న మనుష్యుడే.

కావున చదువరులారా, మీ మండలమున వైద్యాలయమునకు క్రొత్త మేడ కట్టింతుమని నాయకులు చెప్పునప్పుడు, ఆ మేడలో రాత్రి మూడు గంటలకు విషమును గూర్చి తెలుగులో బదులు చెప్పు కుర్చీ యొకటి యుండునా, దానికి ఐదుగురి జీతములు ఏటేట బడ్జెటులో వ్రాయబడునా యని యడుగుడు. దాతల ధర్మముచేత కుర్చీ కొనవచ్చును. దానిని నలువది యేండ్లు నిండుగా నుంచుట ధర్మముచేత కాదు, పన్నుచేత. ఆనాటి పిల్లవాడు నేడు యువకుడై మా వీథినుండియే నౌకరికి పోవుచున్నాడు. వాని నాయనమ్మ బ్రతికియున్నంతకాలము, తాను పోయించిన ఆ ఉప్పునీటిని తలచుకొని కంటతడి పెట్టుచుండెను. ఆమె చేసిన తప్పు లేదు. అడుగుటకు ఆమెకు మనము ఎవరిని ఉంచితిమి?