పేరు చూసి పొరబడితే

చెన్నై ఉత్తరాన ఉన్న మన మనలి పేరు చెబితే, చరస్‌కు పేరుపడ్డ హిమాలయాల మనాలి అనుకునేవారున్నారు. పేరు చూసి పొరబడటం గంజాయి చరిత్రలోనూ జరిగింది.

దమ్ము పీల్చినవాడికి క్షణం గంటలా సాగుతుంది. ఊరికే నవ్వొస్తుంది, ఒక్కోసారి గుండెదడతో భయం పట్టుకుంటుంది. అటువంటివాడు పిచ్చాసుపత్రికి చేరితే, పోలీసులు రాసిన ‘గంజాయి’ అన్న మాటే రోగానికి కారణంగా నిలిచిపోయేది.

1893లో ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, మద్రాసుతో సహా దేశమంతటా 1,193 మంది సాక్ష్యం తీసుకుంది. 1892లో చేరిన రోగుల వివరాలు తిరగేసింది. చాలా చోట్ల ఆ కారణానికి ఆధారం లేదని తేల్చింది. అయితే అతిగా వాడితే హాని తప్పదనీ 1894లో రాసింది.

1985 చట్టం ప్రకారం గంజాయి దగ్గరుంచుకోవడమే నేరం. అయినా, ఇంట్లో కుర్రవాడికి మతి తప్పితే ఒక్కమాటతో తోసెయ్యకండి, డాక్టరుకు చూపించండి. సెలవు.