అమెరికా ఆసుపత్రులలో ఫిజికల్ థెరపిస్టుల నియామకం, వేతనాలు

భారతదేశంలో ఫిజియోథెరపిస్టు అని పిలువబడే నిపుణుడిని అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఫిజికల్ థెరపిస్టు అంటారు. పక్షవాతం, కీలుమార్పిడి శస్త్రచికిత్స, ఎముకలు విరగడం వంటి వాటి తరువాత రోగిని తిరిగి నడిపించడం వీరి ముఖ్యమైన పని. అనుభవజ్ఞులైన థెరపిస్టులను నియమించుకొని, నిలుపుకోవడం అక్కడి ఆసుపత్రులకు చాలాకాలంగా ఉన్న చిక్కు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ప్రకారం 2024 మే నాటికి ఈ వృత్తిలో మధ్యగత వార్షిక వేతనం 1,01,020 డాలర్లు. ఇది ఆసుపత్రులు, క్లినిక్కులు, ఇంటికి వెళ్ళి చేసే సేవలు అన్నిటికీ కలిపి చెప్పిన అంకె.

అర్హతలు

ప్రతి రాష్ట్రమూ తన లైసెన్సును తానే ఇస్తుంది. అందుకు జాతీయ పరీక్షలో ఉత్తీర్ణత అవసరం. 2016 నుండి అక్కడి కళాశాలలు ఈ వృత్తికి డాక్టరేటు స్థాయి పట్టానే ఇవ్వవలసి ఉన్నది. అందువలన బ్యాచిలర్ పట్టాతో చేరి దశాబ్దాలు పనిచేసినవారు, చదువు అప్పుతో కొత్తగా వచ్చిన డాక్టరేటు పట్టభద్రులు ఒకే వార్డులో కనిపిస్తారు.

అనుభవానికి విలువ కట్టడం

చిక్కంతా ఇక్కడే ఉన్నది. వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్, 1983 నుండి ఆసుపత్రిలో చేరిన రోగికి జబ్బును బట్టి ముందే నిర్ణయించిన మొత్తాన్ని చెల్లిస్తున్నది. అందులో థెరపీకి విడిగా సొమ్ము రాదు. లెక్కల పుస్తకంలో థెరపిస్టు కేవలం ఖర్చు. నేర్పరి అయిన థెరపిస్టు రోగిని రెండు రోజులు ముందే ఇంటికి పంపగలిగితే ఆసుపత్రికి మిగులుతుంది గాని, ఆ మిగులు థెరపీ విభాగం పేరున కనిపించదు.

బయటి రోగుల విభాగంలో చాలా చికిత్సలను 15 నిమిషాల యూనిట్లుగా లెక్కిస్తారు. ఒక యూనిట్‌కు కనీసం 8 నిమిషాలు చికిత్స చేయాలి. ఏడాది అనుభవం ఉన్నా, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నా రేటు ఒకటే. సహాయకులు చేసిన చికిత్సకు మాత్రం 2022 నుండి 85 శాతమే చెల్లిస్తున్నారు. అనగా ఈ పద్ధతి హోదాను గుర్తిస్తుంది, అనుభవాన్ని గుర్తించదు.

దీని ఫలితంగా పాత, కొత్త ఉద్యోగుల వేతనాల మధ్య తేడా తగ్గిపోతుంది. ఉదాహరణకు, పోటీ వలన కొత్తవారికి గంటకు 42 డాలర్లు ఇవ్వవలసి వచ్చిందనుకుందాం. ఏటా స్వల్పంగా పెరుగుతూ వచ్చిన ఎనిమిదేళ్ళ ఉద్యోగి 45 డాలర్ల వద్దే ఉండవచ్చు. అతడు వెళ్ళిపోతే, ఏజెన్సీ ద్వారా సాధారణంగా 13 వారాల ఒప్పందంపై తాత్కాలిక థెరపిస్టును అంతకంటె ఎక్కువ ఖర్చుతో తెచ్చుకోవలసి వస్తుంది.

ఆసుపత్రులు అనుసరించే మార్గాలు

చేరినప్పుడు ఇచ్చే బోనస్ ఎక్కువగా వాడుకలో ఉన్నది. ఒకటి రెండేళ్ళలోపు మానివేస్తే దానిని తిరిగి చెల్లించాలి. ఇది కొత్తవారిని రప్పిస్తుంది గాని, ఉన్నవారికి ఒరిగేది ఏమీ లేదు. పర్యవేక్షక పదవికి వెళ్ళకుండా రోగుల వద్దనే ఉంటూ పై మెట్టు ఎక్కే "క్లినికల్ లాడర్" పద్ధతి ఇంతకంటె మేలైనది. అయితే మెట్టుకు, మెట్టుకు మధ్య వేతనంలో తేడా నామమాత్రమైతే అదీ పనిచేయదు.

విదేశీ థెరపిస్టులు

అమెరికా కార్మిక శాఖ నర్సులతో పాటు ఫిజికల్ థెరపిస్టులను కూడా "షెడ్యూల్ ఎ" అనే కొరత వృత్తుల జాబితాలో ఉంచింది. కనుక వీరికి గ్రీన్ కార్డు కోరే ఆసుపత్రి, స్థానికులు దొరకలేదని ప్రకటనల ద్వారా నిరూపించనక్కరలేదు. అయినప్పటికీ దేశాలవారీ పరిమితి వీరికీ వర్తిస్తుంది. అందువలన ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణల నుండి వెళ్ళినవారితో సహా భారతీయులు ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసి వస్తున్నది. స్వదేశంలో చేసిన సర్వీసును వేతన నిర్ణయంలో ఎంతవరకు లెక్కించాలన్నది చాలావరకు ఆసుపత్రి విధానంపై ఆధారపడి ఉంటుంది; ఉద్యోగ ఒప్పందానికి ముందే ఈ సంగతి రాతపూర్వకంగా తేల్చుకోవలసి ఉంటుంది.