గొడ్డుకారం

పొద్దుగుంకే యాళకి ఊళ్ళో తిరగమోతల వాసన వచ్చేది. మా మాదిగపల్లెలో అప్పటికింకా ఒక్క పొయ్యి కూడా వెలిగేది కాదు. మా ఆడోళ్ళు ఆసామి వాకిట్లో కూలిగింజల కోసం నిలబడి ఉండేవాళ్ళు. ఆసామి నీళ్ళు పోసుకుని, అన్నం తిని, చుట్ట ముట్టించి, అప్పుడుగానీ లోపల్నుంచి మానిక తెప్పించేవాడు కాదు. ఆ జొన్నలు ఒళ్ళో పోయించుకుని ఇంటికొచ్చి, తిరగట్లో విసిరి, చెరిగి, ఎసట్లో పోసేసరికి చిన్నపిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయేవాళ్ళు. సంగటి ఉడికేలోపల కూర తయారవ్వాలి. చీకట్లో తయారవ్వాలి. ఇంట్లో ఉన్నవాటితోనే తయారవ్వాలి.

మా వంటకి నాలుగే దినుసులు ఎందుకున్నాయో, అది ఎందుకంత మండుద్దో తెలియాలంటే ముందు ఈ వాకిలి సంగతి తెలియాలి. ఈమధ్య టీవీల్లో "అయిదు దినుసులు, పది నిమిషాలు" అని గొప్పగా వంటలు చూపిస్తున్నారు. మా అమ్మ చూసుంటే పొట్టచెక్కలయ్యేలా నవ్వేది. ఆమె జీవితమంతా చేసిందదే. ఎవరూ కెమెరా పట్టుకు రాలేదు.

గొడ్డుకారం ఇట్లా చేసేది. పొయ్యిలో నుంచి నిప్పులు ఇవతలకి లాగి, వాటిమీద అయిదారు ఎండుమిరపకాయలు పడేసేది. నల్లబడకూడదు, ఉబ్బి ఘాటు లేవాలి. ఇల్లంతా దగ్గేవాళ్ళం. వాటిని రోట్లో వేసి, రెండు ఉప్పుగల్లులు, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు, ఉంటే ఉసిరికాయంత చింతపండు వేసి నూరేది. చింతపండు లేనినాడు అదీ లేదు. నూనె చుక్క తగిలేది కాదు. సంగటి ముద్ద మధ్యలో బొటనవేలితో గుంట చేసి, అందులో ఈ కారం పెట్టి, పక్కన ఉల్లిపాయ గుద్ది పెట్టేది. గోంగూర దొరికిన్నాడు దాన్ని ఉడకబెట్టి ఇదే కారంలో కలిపి మెదిపేది. ఆ రోజు మాకు పండగ. గొడ్డు అంటే పశువు, గొడ్డు అంటే ఏమీ లేనిది. మా కారానికి ఆ పేరు రెండో అర్థంలో వచ్చింది. మాకు మొదటి అర్థంలో వచ్చిన పేర్లు వేరే ఉన్నాయి.

"కారం నిండా ఉంటే కూర లేకపోయినా ముద్ద దిగుద్దిరా" అనేది మా అమ్మ. ఎండు సంగటి గొంతులో పట్టుకుంటుంది. కారం తగిలితే నోట్లో నీళ్ళూరతాయి, ముద్ద జారుతుంది. మా నాలుకలు మొరటువని ఊళ్ళోవాళ్ళు అనేవాళ్ళు. అది మొరటుతనం కాదు, లెక్క. ఒక చిటికెడుతో ఎంత సంగటి దించొచ్చో తెలిసిన లెక్క.

ఈ మిరపకాయ కూడా మన దేశపుది కాదు. అమెరికా ఖండాల్లో పుట్టి, పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో పడమటి తీరానికొచ్చింది. అంతకుముందు ఘాటంటే మిరియాలే. అవి మళయాళ దేశం నుంచి రావాలి, డబ్బు పెట్టి కొనాలి. మిరప మొక్క పెంటకుప్ప మీద కూడా మొలుస్తుంది. పేదోడి చేతికి ఘాటు అందింది అప్పుడే. శ్రీనాథుడు పల్నాడులో జొన్నకూడు తినలేక విసుక్కున్నాడని చాటువులు చెప్తాయి. ఆయన పదిహేనో శతాబ్దం వాడు, మిరపకాయ మొహం చూసినవాడు కాదు. కారం లేని జొన్నకూడు మీద విసుగు రావటంలో న్యాయం లేకపోలేదు. కాకపోతే కవిసార్వభౌముడు తిట్టి వెళ్ళిపోయాడు. మా తాతలు అక్కడే ఉండి, పుట్టిందగ్గర్నుంచి చచ్చేదాకా అదే తిన్నారు.

ఇప్పుడు గుంటూరు మిర్చియార్డు పేరు దేశదేశాల్లో తెలుసు. ఆ కాయ కోసేది ఎవరు? మాఘం నుంచి ఎండలు ముదిరేదాకా మా అమ్మ కోతకి వెళ్ళేది. సాయంత్రానికి చేతులు మంట, కళ్ళు మంట. చంటిబిడ్డ తల్లులైతే బిడ్డని ముట్టుకోటానికి భయపడేవాళ్ళు. చేతులకి మజ్జిగ రాసుకుంటే చల్లబడుద్దంటారు, మాకు మజ్జిగెక్కడిది, బురద రాసుకునేవాళ్ళు. కల్లంలో కాయ ఆరబోశాక ఏరతారు. ఎర్రటి కాయ బస్తాకెక్కుతుంది. మచ్చపడి, రంగుపోయి, తెల్లబారిన కాయని తాలు అంటారు. దానికి వ్యాపారి మంచి ధర కట్టడు. ఆ తాలుకాయలు పైట కొంగులో మూటగట్టుకుని వస్తే అదే మా ఏడాది కారం. మా కారం ఎప్పుడూ ఎర్రగా ఉండేది కాదు, ఇటికపొడి రంగులో ఉండేది. మంటలో మాత్రం తేడా లేదు.

ఉప్పు చినగంజాం కయ్యల్నుంచి బండ్ల మీద వచ్చేది. గింజలకి మారకం. ఉప్పు పన్ను మీద 1930లో దేశమంతా లేచిందని బడిలో చదువుకున్నాం. కూరే లేకుండా ఉప్పుతో అన్నం తినేవాళ్ళకి ఆ పన్ను ఎంత బరువో ఆ పాఠంలో లేదు. తీరం నుంచి బెస్త ఆడవాళ్ళు గంపల్లో ఎండునెత్తళ్ళు తెచ్చేవాళ్ళు. గుప్పెడు నెత్తళ్ళు పెనం మీద వేయించి, తల గిల్లి, చింతపండు పులుసులో వేస్తే పల్లె ఆ చివర్నుంచి ఈ చివరిదాకా తెలిసేది, ఇవాళ ఫలానా ఇంట్లో కూరుంది అని.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా నాయన కూడా పొద్దస్తమానం పాలేరుగా చాకిరీ చేసొచ్చేవాడే. కాదనను. కానీ ఆయన పొయ్యి ముందు కూచోగా నేను చూళ్ళేదు. మా అమ్మ కూడా అదే చేలో అంతే వంగి వచ్చేది. సభల్లో ఈ మాట ఎత్తితే మన మగాళ్ళు కుర్చీల్లో ఇబ్బందిగా కదులుతారు. కదలనీండి.

మా నాయనమ్మ చిన్నప్పుడు వాళ్ళ ముసలాళ్ళు ధాత కరువు గురించి చెప్పేవాళ్ళంట. 1876-78 కరువది. సర్కారు సహాయపు పనుల్లో మగమనిషికి రోజుకి ఒక పౌను గింజలు, ఒక అణా చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించాడు. పౌను అంటే ఇప్పటి లెక్కలో 450 గ్రాములు. ఆ తిండితో మనిషి మట్టి తవ్వలేడని మద్రాసు ప్రెసిడెన్సీ వైద్యాధికారి డాక్టర్ కార్నిష్ పోట్లాడాడు. అప్పుడే ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని మావాళ్ళని పెట్టాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఎక్కువమంది మాదిగలే. కూటి కోసం మతం మారారని ఎగతాళి చేసేవాళ్ళు ఉన్నారు. నిజానికి కరువుకి పదేళ్ళ ముందే, యెర్రగుంట్ల పేరయ్య ఈ పల్లెల్లో తిరిగిన కాలంలోనే, సంఘంలో చేరినవాళ్ళకి మూడు కట్టుబాట్లు ఉండేవి. ఆదివారం పని చెయ్యకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు, చచ్చిన గొడ్డుని తినకూడదు. అంటే వాళ్ళు కూటి కోసం చేరటం కాదు, ఉన్న కూట్లో కొంత వదులుకుని చేరారు. అరవై ఏళ్ళ తర్వాత 1927లో మహద్‌లో అంబేద్కర్ కూడా ఆ చచ్చిన మాంసం మానెయ్యమన్నాడు. 1948లో అంటరానివాళ్ళ మీద రాసిన పుస్తకంలో అంటరానితనం వేళ్ళు గొడ్డుమాంసం దగ్గరే వెతికాడు. ఇంత చరిత్ర ఉంది మా కూరకుండలో.

మా నాయనమ్మ చచ్చినదాన్ని ముట్టలేదు. కోసినదాన్ని మానలేదు. ఊళ్ళో ముసలి ఎద్దుని కోసిన్నాడు పల్లెంతా భాగాలు. ఆ పూటకి వండగా మిగిలిన మాంసాన్ని పొడుగ్గా చీల్చి, ఉప్పూ పసుపూ రాసి, దండెం మీద ఎండేసేది. అవి తునకలు. కాకులు రాకుండా కర్ర పట్టుకు కూచోటం మా పిల్లల పని. కర్రల్లా ఎండాక కుండలో దాచేది. వానల్లో కూలి లేనప్పుడు రెండు తునకలు నిప్పుల మీద కాల్చి, రోట్లో దంచి, గోంగూరలో వేసేది. రెండు తునకలు ఆరుగురికి. కూరలో మాంసం కనపడేది కాదు, రుచి కనపడేది.

1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పల్లెలో తిరగళ్ళు మూలపడ్డాయి. రోజూ వరన్నం తినొచ్చని మా అమ్మ నమ్మలేకపోయింది. మొదటి నెల్లో గంజి కూడా పారబొయ్యలేదు. తెల్లన్నం మీద కూడా అదే గొడ్డుకారం. ఇప్పుడు జొన్నలు పట్నం కొట్లలో సిరిధాన్యాలై, బియ్యం కంటే ఎక్కువ ధరకి అమ్ముతున్నారు. షుగరొచ్చిన ఆసాముల పిల్లలు కొనుక్కుంటున్నారు. మంచిదే, తినండి.

కుర్రవాళ్ళకి ఒకటి చెప్పాలనుంది. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో బీఫ్ పండగ చేశారు. దెబ్బలాటలైనా వెనక్కి తగ్గలేదు. నాకు గర్వంగానే అనిపించింది. కానీ అక్కడ వండింది బిర్యానీ. బిర్యానీకి మసాలాలుండాలి, నూనె ఉండాలి, తీరిక ఉండాలి. రెండు తునకల్ని ఆరుగురికి సర్దిన మనిషి వంట అది కాదు. మరాఠీలో షాహూ పాటోళె 2015లో మాంగు, మహర్ల తిండి మీద పుస్తకమే రాశాడు, 2024లో అది ఇంగ్లీషులోకీ వచ్చింది. మనం ఇంకా మన అమ్మల్ని కూచోబెట్టి అడగలేదు. అడిగేటప్పుడు రుచి ఒక్కటే అడక్కండి, ఆ పూట ఎంతమంది తిన్నారు, ఎవరు తినలేదు అని కూడా అడగండి.

నేనూ అడగలేదు. అడగకపోగా ఒక పని చేశాను. 1985 మొదట్లో, నేను కాలేజీలో చదివేటప్పుడు, అమ్మ నన్ను చూట్టానికి హాస్టలుకొచ్చింది. హార్లిక్స్ డబ్బాలో తునకల పొడి తెచ్చింది. అప్పుడే ఊళ్ళో కులం ఫ్రెండొకడు గదిలోకొచ్చి, ముక్కు మూసుకుని, "ఏంట్రా ఈ వాసన" అన్నాడు. "ఏమో, ఎవరో ఏదో తెచ్చారు" అన్నాను. అమ్మ గుమ్మంలోనే ఉంది. వాడు పోయాక డబ్బా సంచిలో పెట్టుకుని, "బస్సు టైమయింది అబ్బాయ్" అని వెళ్ళిపోయింది. టైము కాలేదు.

ఆ జులై 17న కారంచేడు జరిగింది. మావాళ్ళు తాగే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్టు కడిగితే వద్దన్నారు. కొట్టటానికొస్తే మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు వేటాడి ఆరుగురిని చంపారు. సంగటి ఎసట్లో పోసుకునే నీళ్ళ కాడ మొదలైంది అదంతా. కాలేజీ వదిలి చీరాల శిబిరానికి వెళ్ళాను. రాత్రి ఒక ముసలామె నా చేతిలో అన్నం పెట్టి, దాని మీద కారం వేసి, "ఏమీ లేదు నాయనా, గొడ్డుకారమే" అంది సిగ్గుపడతా. కళ్ళవెంట నీళ్ళు కారాయి. కారానికే అనుకుని మంచినీళ్ళిచ్చింది.

శిబిరం నుంచి సరాసరి ఇంటికెళ్ళాను. అమ్మని తునకల పొడి చెయ్యమన్నాను. నా మొహం చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "ఈ ఏడు తునకలేవిరా. ఆసామి ట్రాక్టరు కొన్నాడు, ఎడ్లు అమ్మేశాడు." లేచి, నిప్పులు ఇవతలకి లాగి, వాటి మీద మిరపకాయలు వేసింది.