పసరు నుంచి టీకా దాకా

మా ఖోర్ ఫక్కాన్‌లో ఒక పక్క రేవు, ఇంకో పక్క హజర్ కొండలు. మధ్యలో ఒకే గదిలో మేం ఆరుగురం. ఒక వేసవిలో మా గదిలోని కడప తమ్ముడికి కళ్ళు పచ్చబడ్డాయి. ఫోనులో వాళ్ళమ్మ అన్న మొదటి మాట, "ఆస్పత్రి సంగతి తర్వాత నాయనా, ముందు నేల ఉసిరి తాగు." ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత ఎండు పొడి పంపింది కూడా.

ఆ పొట్లం చూస్తే నాకు మా చిన్నాన్న గుర్తొచ్చాడు. ఆయనా పసరు తాగాడు, పథ్యం చేశాడు, కళ్ళు తెల్లబడ్డాయి. ఇక ఆస్పత్రి ముఖం చూడలేదు. పదేళ్ళకి లివరు పాడై పోయాడు.

మరి ఆ ఆకులో ఏమీ లేదా? 1988లో మద్రాసుకు చెందిన త్యాగరాజన్ బృందం, హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లంబర్గ్‌తో కలిసి లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాసింది. ఒంట్లో ఆ వైరస్ ఉన్న 37 మంది నేల ఉసిరి పొడి తీసుకుంటే 22 మంది రక్తంలో దాని జాడ పోయిందట. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. అందరూ ఆశపడ్డారు. కానీ తర్వాత వేరే చోట్ల జరిగిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. ఆ మొక్క ఒక్కటే మేలు చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదని 2011లో కోక్రేన్ సమీక్ష తేల్చింది.

పసరుకి పేరెలా వచ్చిందంటారా? నీళ్ళ వల్ల వచ్చే ఎ రకం కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. బి రకం అలా కాదు. కొందరిలో చప్పుడు లేకుండా ఏళ్ళ తరబడి లివరును తింటుంది.

దానికి అసలు విరుగుడు టీకా. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాదులో తల్లి పేరిట శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. ఇక్కడ అప్పు పుట్టనప్పుడు పెట్టుబడి పెట్టింది ఒమాన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ. 1997లో మన దేశపు తొలి జన్యు సాంకేతిక హెపటైటిస్ బి టీకా అక్కడి నుంచే వచ్చింది. మా రేవు ముందున్నదీ ఒమాన్ సముద్రమే!

తమ్ముణ్ణి రక్తపరీక్షకు నేనే లాక్కెళ్ళాను. ఎ రకమే, తగ్గిపోయింది. వాళ్ళమ్మకి మాత్రం పసరే బతికించింది. నేను ఎదురు చెప్పలేదు. ఆ నెలలో ఆరుగురం బి టీకా మొదటి డోసు వేయించుకున్నాం.